కొయ్యకు తారు, జ్ఞాపకానికి మాట

ఒక జాతి తన పూర్వుల నుండి పొందిన సంపదను ఏ విధంగా కాపాడుకుంటుంది? ఈ ప్రశ్న వినగానే మనకు కోటలు, గుమ్మటాలు, దేవాలయాలు, ప్రదర్శనశాలలోని గాజు పెట్టెలు కళ్ళ ముందు మెదలుతాయి. రాతితో కట్టినదే నిలుస్తుందనీ, రాజు కట్టించినదే వారసత్వమనీ లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉన్నది. గోల్కొండ కోటను, కుతుబ్‌షాహీ సమాధులను చూస్తూ పెరిగినవారికి అట్లా తోచడంలో ఆశ్చర్యమేమీ లేదు.

కాని రాతికంటె ముందు కొయ్య ఉన్నది. కొయ్యకంటె ముందు మాట ఉన్నది. ఈ రెండూ త్వరగా నశించేవే. వీటిని కాపాడుకొనడానికి తంటాలు పడిన రెండు చిన్న దేశాల కథ కొంతకాలంగా నా మనస్సును వదలడం లేదు. అవి నార్వే, లాట్వియా. రెండూ ఐరోపా ఖండపు ఉత్తర భాగంలోనివి. నేను వాటిని కన్నులారా చూడలేదు. పుస్తకాల ద్వారా, అనువాదాల ద్వారా మాత్రమే ఎరుగుదును. అయినా ఆ చదువు నన్ను చివరకు మా ఇంటి గడప దగ్గరకే తీసుకువచ్చింది. ఆ మార్గమేమిటో ఈ నాలుగు పుటలలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు నార్వే సంగతి. మధ్యయుగంలో ఆ దేశపు పల్లెలలో కొయ్యతో కట్టిన క్రైస్తవ ప్రార్థనాలయాలు వేయికి పైగా ఉండేవని పండితుల అంచనా. ఈనాడు మిగిలినవి 28 మాత్రమే. వీటిని స్టావ్ చర్చిలు అంటారు. స్టావ్ అంటే నిలువుగా నిలబెట్టిన స్తంభం. సోగ్నె సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఉర్నెస్ చర్చి వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. 1130 ప్రాంతంలో కట్టిన ఆ భవనానికి, అంతకు పూర్వం అక్కడే ఉండిన 11వ శతాబ్దపు చర్చి నుండి తెచ్చిన చెక్కడపు పలకలను అమర్చారు. మృగాలు, సర్పాలవంటి సన్నని తీగలు ఒకదానితో ఒకటి పెనవేసుకొన్న ఆ శిల్పం క్రైస్తవానికి పూర్వపు కళాసంప్రదాయాన్ని క్రైస్తవ మందిరపు గోడమీద నిలిపి ఉంచింది. పాత దానిని పారవేయక కొత్త దానిలో పొదిగిన ఆ వడ్రంగుల సంస్కారం మెచ్చదగినది. 1979లో యునెస్కో ఈ చర్చిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఎనిమిది వందల యేండ్లకు పైగా వానలో, మంచులో నిలిచిన కొయ్య ఎట్లా చెడిపోలేదు? దీనికి సమాధానం చాలా సరళమైనది. తొలి రోజులలో స్తంభాలను నేలలో పాతేవారు. నేల తేమకు మొదళ్ళు కుళ్ళి, రెండు మూడు తరాలలో భవనం ఒరిగిపోయేది. తరువాతి తరం పనివారు ఆ అనుభవం నుండి నేర్చుకొని, ముందు రాళ్ళు పరచి, రాళ్ళపైన అడ్డదూలాలు వేసి, ఆ దూలాలపైన స్తంభాలు నిలిపారు. కొయ్య నేలను తాకదు. అంతే రహస్యం. దీనికి తోడు మరొక పని కలదు. పైన్ చెట్ల మొద్దులను, వేళ్ళను పేర్చి, గాలి చొరకుండా కప్పి, నెమ్మదిగా మగ్గబెట్టి కాల్చితే నల్లని తారు కారుతుంది. ఆ తారును గోడలకు, పైకప్పు చెక్క పెంకులకు పూస్తారు. కొన్ని యేండ్లకు ఎండా వానా దానిని కడిగివేస్తాయి. మళ్ళీ పూయాలి. బోర్గుండ్ చర్చి నల్లగా మెరుస్తూ కనిపించడానికి ఎన్నో తరాలవారు ఒకరి తరువాత ఒకరు నిచ్చెన ఎక్కి పూసిన ఆ తారే కారణం.

ఈ సంగతి చదివినప్పుడు మన తాళపత్ర గ్రంథాలు గుర్తుకు వచ్చినవి. ఆకులకు అప్పుడప్పుడు నూనె రాస్తూ, చివికిన గ్రంథాన్ని కొత్త ఆకుల మీదికి ఎక్కించుకుంటూ వచ్చిన ఇండ్లలోనే అవి మిగిలినవి. కాపాడుట అంటే పెట్టెలో పెట్టి తాళం వేయుట అని మనం అనుకొంటాం. నిజానికి అది మళ్ళీ మళ్ళీ చేయవలసిన పని. ఒక తరం మానివేస్తే చాలు, అంతటితో ఆగిపోతుంది.

నార్వేలో ఆ ప్రమాదం నిజంగానే వచ్చింది. 19వ శతాబ్దంలో జనాభా పెరిగింది. చర్చి చిన్నదైపోయింది. పారిష్ జనంలో పదింట మూడు వంతుల మందికైనా చర్చిలో చోటుండాలని 1851లో ఒక శాసనం వచ్చింది. ఊరివారికి పాత చీకటి చర్చి మీద మమకారం కంటె కొత్త విశాలమైన భవనం మీద కోరిక ఎక్కువగా ఉన్నది. వారిని తప్పు పట్టలేము. ప్రార్థనకు వచ్చినవారు బయట మంచులో నిలబడవలసి వస్తే వారసత్వం గురించి ఎవరు ఆలోచిస్తారు? ఒక్కొక్క చర్చినీ కూల్చి, కొయ్యను వేలం వేశారు.

అప్పుడు ముందుకు వచ్చినవాడు రాజు కాదు, మంత్రి కాదు, జె. సి. డాల్ అనే చిత్రకారుడు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో స్థిరపడిన ఈ నార్వే దేశస్థుడు 1837లో స్టావ్ చర్చిలపై ఒక గ్రంథం ప్రకటించాడు. 1841లో వాంగ్ గ్రామపు చర్చిని కూల్చనున్నారని తెలిసి, వేలంలో తానే కొన్నాడు. స్వదేశంలో దానిని నిలబెట్టే మార్గం కనబడలేదు. చివరకు ప్రష్యా రాజు సహాయంతో దానిని ముక్కలుగా విప్పి, ఓడ ఎక్కించి, సైలీషియా కొండలకు చేర్చారు. నేటికీ అది అక్కడే, అనగా ఇప్పటి పోలండ్ దేశంలోని కర్పాచ్ పట్టణంలో ఉన్నది. ఒక దేశపు వారసత్వం మరొక దేశంలో శరణార్థిగా బ్రతికింది. 1844లో డాల్ మొదలైనవారి పూనికతో ప్రాచీన కట్టడాల పరిరక్షణ సంఘం ఏర్పడింది. ఆ సంఘం బోర్గుండ్, ఉర్నెస్ చర్చిలవంటి వాటిని క్రమంగా తన స్వాధీనంలోకి తెచ్చుకొన్నది. ఆ తరువాత చాలా కాలానికి, 1912లో, ప్రభుత్వం ఈ పనికై ప్రత్యేక అధికారిని నియమించింది. ముందు వ్యక్తి, తరువాత సంఘం, చివరకు ప్రభుత్వం. ఇదీ వరుస.

అండెర్స్ సాండ్విగ్ అనే దంతవైద్యుని కథ నాకు మరీ ప్రియమైనది. లిలెహామర్ పట్టణంలో పళ్ళు బాగుచేస్తూ, ఊరూరా తిరుగుతూ, పల్లెవాసులు పారవేయబోయే పాత పనిముట్లను, చివరకు పాత ఇండ్లనే, 1887 నుండి ఆయన సేకరించసాగాడు. తన తోటలో తెచ్చి నిలబెట్టిన ఇండ్లు పెరిగిపోగా, 1904లో పట్టణంవారు మైహౌగెన్ అనే చోట వాటికి స్థలం ఏర్పరచారు. రైతు గుడిసె, వంటపొయ్యి, ఊయల, పాలకుండ, ఇవి కూడా జాతి సంపదయే అని ఒక పళ్ళ వైద్యుడు తన దేశానికి నేర్పినాడు.

ఇక బెర్గెన్ రేవులోని బ్రిగ్గెన్ సంగతి. అది హాన్సా వర్తకుల పాత కొయ్య గిడ్డంగుల వరుస. ఎన్నోసార్లు కాలిపోయింది. 1702లో పూర్తిగా కాలితే పాత పద్ధతిలోనే మళ్ళీ కట్టారు. 1944 ఏప్రిల్ 20న రేవులో పేలుడు పదార్థాల ఓడ పేలినప్పుడు దెబ్బ తిన్నది. 1955లో మరల కొంత భాగం బూడిద అయింది. కాని ఆ బూడిద క్రింద జరిపిన త్రవ్వకాలలో రూన్ లిపిలో గీసిన కొయ్య పుల్లలు వందలకొలది దొరికినవి. వాటిలో రాజశాసనాలు తక్కువ. సరుకుల మీది యజమానుల పేర్లు, ప్రేమ మాటలు, ప్రార్థనలు, ఇంటికి రమ్మని ఎవరికో పంపిన కబురు, ఇట్టివే ఎక్కువ. మధ్యయుగపు సామాన్య జనులు రోజూ చదువుతూ వ్రాస్తూ ఉండేవారని లోకానికి తెలిసింది ఒక అగ్నిప్రమాదం వలన!

ఇంత శ్రద్ధ గల దేశం కదా, మరి అక్కడ అన్నీ మిగిలినవా? లేదు. ఇక్కడే కథ క్లిష్టమవుతుంది. నార్వే ఉత్తర భాగంలో సామీ అనే ఆదిమ జాతి కలదు. వారికి వేరే భాష, వేరే పాట, వేరే జీవనరీతి. కొయ్య చర్చిలకు తారు పూస్తున్న ఆ కాలంలోనే, 19వ శతాబ్దపు మధ్యభాగం నుండి వంద యేండ్లకు పైగా, సామీ పిల్లలను నార్వే భాషలోనే చదివించి, వారి మాతృభాషను మరపించే విధానం సాగింది. ఊరికి దూరంగా ఉన్న వసతి పాఠశాలలలో పిల్లలు తమ తల్లి మాటను మింగివేయడం నేర్చుకొన్నారు. 1978 నాటి వారసత్వ శాసనం నూరేండ్లు దాటిన సామీ కట్టడాలకు రక్షణ ఇచ్చింది. కాని భాష కట్టడం కాదు గదా! ఆ గాయాన్ని విచారించిన సంఘం 2023లో నివేదిక సమర్పించింది. 2024 నవంబరులో నార్వే పార్లమెంటు క్షమాపణ తెలిపింది. కాపాడుట అనే పనిలో ఎన్నిక ఉన్నది. ఏది మనది, ఏది కాదు అని నిర్ణయించే చేయి ఎవరిదో దానిని బట్టి మిగిలేవీ పోయేవీ ఉంటాయి.

ఆ చేయి మనది కానప్పుడు, ప్రభుత్వమూ సంఘమూ సొమ్మూ లేనప్పుడు, ఒక జాతి ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ బాల్టిక్ సముద్రం దాటి లాట్వియాకు రావాలి.

లాట్వియా జనాభా ఈనాడు 20 లక్షలకు లోపు. 1918కి పూర్వం ఆ పేరుతో ఒక స్వతంత్ర రాజ్యమే లేదు. భూములు జర్మన్ జమీందారులవి, పరిపాలన రష్యా చక్రవర్తిది. రైతులకు మిగిలినది పాట. నాలుగు పాదాల ఆ చిన్న పాటను దైనా అంటారు. పుట్టుక, పెండ్లి, చావు, సూర్యదేవి, అనాథ బాలిక, తేనెటీగ, తిరుగలి, అన్నీ అందులో ఉన్నవి. క్రిష్యానిస్ బారోన్స్ అనే పండితుడు మాస్కోలో ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూ ఈ పాటలను క్రమపరచడానికి పూనుకొన్నాడు. 1880లో ఒక బీరువా చేయించాడు. అందులో సొరుగులు, సొరుగులలో గళ్ళు, గళ్ళలో మూడు సెంటీమీటర్ల వెడల్పూ పదకొండు సెంటీమీటర్ల పొడుగూ గల కాగితపు చీటీలు; చీటీకొక పాట. బడిపంతుళ్ళు, రైతులు, విద్యార్థులు ఊళ్ళ నుండి ఉత్తరాల ద్వారా పంపిన పాటలవి. అట్లా చేరిన చీటీలు 2,68,815. 1894 నుండి 1915 వరకు అవి ఆరు సంపుటాలుగా అచ్చయినవి. మూడేండ్ల తరువాత దేశం స్వతంత్రమైంది. ఒక రాజ్యానికి పునాది ఒక బీరువాలో సిద్ధమైనదని అంటే అతిశయోక్తి కాదనుకొంటాను. 2001లో యునెస్కో ఆ బీరువాను ప్రపంచ స్మృతి సంపదల జాబితాలో చేర్చింది.

కాని 20వ శతాబ్దం ఆ దేశానికి తెచ్చిన కష్టాలు పాటకు అందనివి. 1940లో సోవియట్ సేన, 1941లో జర్మన్ సేన, 1944లో మరల సోవియట్ సేన. 1941 జూన్ 14న 15 వేలమందికి పైగా, 1949 మార్చి 25న 42 వేలమందికి పైగా సామాన్యులను పశువుల బండ్లవంటి రైలుపెట్టెలలో సైబీరియాకు తరలించారు. 1941 చివర రీగా దగ్గర రుంబులా అడవిలో రెండు దినాలలో దాదాపు 25 వేలమంది యూదులను నాజీలు, వారికి తోడుపడిన స్థానికులు కలసి హతమార్చారు. ఆ తరువాత అర్ధ శతాబ్దం మౌనం. అల్బెర్త్స్ బెల్స్ అనే రచయిత 1967లో వ్రాసిన ‘నిద్రలేమి’ అనే నవల ఇరవై యేండ్ల వరకు వెలుగు చూడలేదు. ఏ చీటీ మీద ఏమి వ్రాయాలో భయం నిర్ణయించే కాలమది.

1991లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చింది. అయినా మౌనం వెంటనే కరగలేదు. ఈ సందర్భంలో గుందెగా రెప్షె అనే రచయిత్రి పూనికతో ‘మేము. లాట్వియా, 20వ శతాబ్దం’ అనే నవలామాల వెలువడింది. 13 మంది రచయితలు, 13 నవలలు; ఒక్కొక్కరు ఒక్కొక్క కాలఖండాన్ని తీసుకొన్నారు. ఒస్వాల్డ్స్ జెబ్రిస్ 1905 నాటి విప్లవాన్ని, మారిస్ బేర్జిన్ష్ 1939 నుండి 1941 వరకు గల రీగా జీవితాన్ని చిత్రించారు. ఈ మాలలోని నోరా ఇక్స్‌తెనా నవల ‘తల్లి పాలు’ 2015లో ప్రచురితమైంది. ఆంగ్లంలో ‘సోవియట్ మిల్క్’ అనే పేరుతో 2018లో వచ్చింది. నేను చదివినది ఆ అనువాదాన్నే.

కథ చెప్పేవారు ఇద్దరు. ఒకరు తల్లి, ఒకరు కూతురు. ఇద్దరికీ పేర్లు లేవు. ఒకసారి తల్లి చెబుతుంది, ఒకసారి కూతురు చెబుతుంది. తల్లి స్త్రీల వైద్యురాలు, మేధావి. లెనిన్‌గ్రాడ్‌లో పరిశోధన చేసే అవకాశం వచ్చి, అధికారుల ఆగ్రహంతో అది చేజారి, ఒక పల్లెటూరి వైద్యశాలకు చేరుతుంది. ఇతర స్త్రీలకు పురుడు పోసే ఆ చేతులు తన బిడ్డను ఎత్తుకోలేవు. 1969లో కూతురు పుట్టగానే కొన్ని దినాలు ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. తన పాలలో తన నిరాశ ఉన్నదనీ, ఆ విషం బిడ్డకు పట్టరాదనీ ఆమె భయం. ఆ కూతురు పెరిగి బడికి వెళ్ళినప్పుడు అక్కడ నిర్బంధంగా త్రాగించే పాలు ఆమెకు సయించవు. క్రమంగా కూతురే తల్లికి తల్లి అవుతుంది. ఇంతకు మించి కథలో యుద్ధాలు లేవు, వీరులు లేరు. అయినా ఒక రాజ్యం మనిషి రక్తంలోకి, స్తన్యంలోకి ఎట్లా ప్రవేశించగలదో ఏ చరిత్ర గ్రంథమూ ఇంత తెలియజెప్పలేదు.

ఈ నవల చదువుతున్న రోజులలోనే నాకు మా దాదీ పాన్‌దాన్ మీద దృష్టి పడింది. అది రాగిది. ఏటా రంజాను నెలకు ముందు దానిని చింతపండుతో తోమి, లోపలి కళాయి పోతే మళ్ళీ వేయిస్తాము. ఏ ఊరి కంచరి చేసినదో, ఏ పెండ్లికి వచ్చినదో, మూత ఎందుకు సొట్ట పడినదో దాదీ ఎన్నోసార్లు చెప్పింది. కాని హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన 1948 సెప్టెంబరు మాట వస్తే చాలు, ఆమె సరోతా తీసుకొని వక్కలు కత్తిరించడం మొదలుపెట్టేది. ఆమెకు ఒక తమ్ముడు ఉండేవాడని మాకు తెలుసు. పేరు తెలుసు. ఏమయినాడో తెలియదు. దాదీ పోయి చాలా కాలమైంది. పాన్‌దాన్ మిగిలింది, మిలమిల మెరుస్తూ.

ఇక్కడ నాకు నార్వే, లాట్వియా రెండూ కలసినవి. వస్తువును మేము చక్కగా కాపాడినాము, మాటను కాపాడలేదు. పాన్‌దాన్‌ను తోమినంత శ్రద్ధగా ఆ ప్రశ్నను ఎవరూ అడుగలేదు. అడిగితే ఆమెకు నొప్పి కలుగుతుందని పెద్దలు జంకినారు. ఆ జంకు ప్రేమ వల్ల కలిగినదే. లాట్వియాలో కూడా ఎన్నో ఇండ్లలో ఇదే జరిగి ఉంటుంది. అందుచేతనే నవలాకారుడు రావలసి వచ్చింది.

నవల కల్పన కదా, దానిని వారసత్వం అనవచ్చునా అని ఒక మిత్రుడు నన్ను ప్రశ్నించినాడు. ఆలోచించదగిన ప్రశ్న. కల్పనను సాక్ష్యంగా న్యాయస్థానం అంగీకరించదు. 1941లో ఎంతమంది పోయినారో చెప్పవలసినది దస్తావేజు. నవల ఆ సంఖ్యను మార్చరాదు, కప్పిపుచ్చరాదు. అయితే దస్తావేజు వ్రాసినవాడు అధికారి. ఇంట్లో మిగిలినవారు ఆ రాత్రి భోజనానికి ఎన్ని కంచాలు పెట్టినారో అతడు వ్రాయడు. ఆ ఖాళీలో నవల అడుగుపెడుతుంది. బెర్గెన్‌లో 1992లో ఫాంటాఫ్ట్ అనే స్టావ్ చర్చిని దుండగులు తగులబెట్టగా, కొత్త కొయ్యతో, పాత కొలతలతో 1997 నాటికి మరల కట్టారు. ఆ కొయ్యలో ఒక్క పలకా మధ్యయుగానిది కాదు. అయినా ఆ రూపాన్ని తెలిసి కట్టినందువల్ల, అది కొత్తదని దాచకుండా చెప్పినందువల్ల, దానికి విలువ ఉన్నది. మంచి చారిత్రక నవల కూడా అటువంటి కట్టడమే. పోయిన దాని కొలతలు తెలిసినవాడు కొత్త కొయ్యతో కట్టినది.

రీగా నగరంలో 2014 జనవరి 18న ఒక విశేషం జరిగింది. జాతీయ గ్రంథాలయం పాత భవనం నుండి నది ఆవలి ఒడ్డున నిర్మించిన కొత్త భవనానికి మారుతున్నది. ఆ చలిలో దాదాపు 14 వేలమంది పౌరులు వీధుల వెంట, వంతెన మీదుగా బారులు తీరి నిలబడి, చేతి నుండి చేతికి పుస్తకాలను అందించుకొన్నారు. బారోన్స్ పాటల బీరువా కూడా నేడు ఆ భవనంలోనే ఉన్నది. బండ్లు లేక వారు అట్లా చేయలేదు. పుస్తకం ఒక్క క్షణమైనా ప్రతివాని చేతిలో ఉండాలని చేశారు.

ఈ సంచిక చదివే విద్యార్థినీ విద్యార్థులకు నా మనవి ఒక్కటే. మన కళాశాలలో రెండు భాషలు, రెండు లిపులు ప్రక్కప్రక్కనే కూర్చొని చదువుకొంటున్నవి. మీ ఇండ్లలో డెబ్బయి, ఎనభై యేండ్లు దాటిన పెద్దలు ఉన్నారు. ఈ వేసవి సెలవులలో వారి దగ్గర కూర్చొనండి. పాట తెలిస్తే పాట, వృత్తి తెలిస్తే వృత్తి, ఊరు విడిచి వచ్చి ఉంటే ఆ దినం సంగతి, వారు చెప్పగలిగినంత వరకే అడగండి. చెప్పలేకపోతే బలవంతం చేయకండి; మరునాడు మళ్ళీ కూర్చొనండి. చీటీ పైన పేరు, ఊరు, తేదీ వేయడం మరువకండి. లిపి ఉర్దూ అయినా సరే, తెలుగు అయినా సరే. బారోన్స్‌కు చీటీలు పంపినవారిలో ఎక్కువమంది పండితులు కారు. మీవంటి బడిపిల్లలు, వారికి చదువు చెప్పిన పంతుళ్ళు.